శివారు ఇంటి నుంచి ఎత్తైన అపార్ట్‌మెంట్‌కి: ఇద్దరే ఉంటున్నప్పుడు ఇల్లు మారడం ఎలా

మేమిద్దరం శివారులోని విడి ఇల్లు వదిలి నగరం నడిబొడ్డున 18వ అంతస్తుకి మారామని తెలిసినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని వదిలేయాలి, ఏం చూసుకోవాలి? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇలా రాస్తున్నాను. మేమేదో గొప్పగా మారామని అనుకోకండి. మా మూడు సీట్ల సోఫా లిఫ్ట్ తలుపు దాటక రెండు రాత్రులు సెల్లార్‌లో పార్కింగ్ గీతల మధ్య పడుంది. అప్పటిదాకా లారీ ఎంత పెద్దది కావాలి, ఎన్ని ట్రిప్పులు పడతాయి అన్న లెక్కల్లోనే ఉన్నాం. తీరా చూస్తే లారీ మనల్ని భవనం గుమ్మం దాకానే తెస్తుంది. అసలు ఇల్లు మారేది లిఫ్ట్‌లో. కింద చెప్పేవన్నీ ఆ లిఫ్ట్‌ని మనసులో పెట్టుకుని చదవండి.

కావలసినవి

5 మీటర్ల స్టీలు టేపు. నేల మీద అతికించి తీసేయగల కాగితం టేపు, నాలుగైదు చుట్టలు. గళ్ళ నోటుబుక్కు, లావు మార్కర్. స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల సెట్టు, బోల్టులు వేసుకోవడానికి చిన్న జిప్ కవర్లు. మూలలకి చుట్టడానికి పాత దుప్పట్లు. ఒకే సైజు అట్టపెట్టెలు, ఎందుకో 5వ మెట్టులో చెప్తాను. ఇవన్నీ ఒక ఎత్తు, కనీసం ఆరు వారాల వ్యవధి ఒక ఎత్తు. నాలుగు వారాల్లో మారినవాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళు సగం సామాను కళ్ళు మూసుకుని పారేసినవాళ్ళు.

1. ఫ్లాట్‌ని మూడు వేర్వేరు వేళల్లో చూడండి

పగలు పదకొండింటికి ఏ ఫ్లాటైనా బాగానే ఉంటుంది. ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి ఆఫీసులు వదిలే వేళ, ఒకసారి సెలవు ముందు రాత్రి వెళ్ళండి. పడకగదిలో కిటికీలు మూసి, పది నిమిషాలు ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోండి. ఎత్తుకి వెళ్తే చప్పుడు తగ్గుతుందనే నమ్మకం పూర్తిగా నిజం కాదు. కింది అంతస్తులకి ప్రహరీ, చెట్లు, పక్క భవనాలు కొంత అడ్డు నిలుస్తాయి. పై అంతస్తుకి దూరంగా ఉన్న రోడ్లు కూడా నేరుగా కనిపిస్తాయి, కనిపించే రోడ్డు వినిపిస్తుంది. ఇంకో సంగతి, పడకగది గోడకి అవతల ఏముందో అడగండి. లిఫ్ట్ నడిచే గొయ్యి, చెత్త జారే గొట్టం, నీళ్ళ మోటారు గది, ఈ మూడింటిలో ఏదున్నా తలగడ వైపు గోడ మీద చెవి ఆనించి విని గానీ సరే అనకండి.

నీళ్ళు: షవరు, వంటింటి కుళాయి ఒకేసారి తిప్పి చూడండి. నీటికి ప్రతి 10 మీటర్ల ఎత్తు తేడాకి సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు డాబా మీదే ఉంటే దాని కిందే ఉన్న రెండు మూడు అంతస్తులకి ధార సన్నగా వస్తుంది, ఒత్తిడి పెంచే మోటారు ఉందా లేదా అడగాలి. మరీ కింద ఉన్నవాళ్ళకి ఒత్తిడి ఎక్కువై, తగ్గించే వాల్వు లేకపోతే కుళాయిల వాషర్లు త్వరగా పాడవుతాయి.

ఫోను: సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోకండి. టవర్ల యాంటెన్నాలు సాధారణంగా కిందికి వంచి ఉంటాయి. పైన ఉన్న ఫోనుకి చాలా టవర్లు ఒకేసారి తగిలి, గీతలున్నా మాట తెగుతుంటుంది. పడకగదిలో నిలబడి ఐదు నిమిషాలు ఎవరితోనైనా మాట్లాడి చూడండి. ఇద్దరి సిమ్‌లూ వేర్వేరు కంపెనీలవైతే రెండింటితోనూ.

2. లిఫ్ట్‌ని కొలవండి

ఇది మానేసే మెట్టు కాదు. నాలుగు కొలతలు కావాలి: తలుపు పూర్తిగా తెరిచినప్పటి వెడల్పు, తలుపు ఎత్తు, లోపలి వెడల్పు, లోపలి లోతు. లోపలి ఎత్తు కూడా రాసుకోండి గానీ దాన్ని నమ్ముకోకండి. లోపల ఎంత ఎత్తున్నా వస్తువు దూరాల్సింది తలుపులోంచే.

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే 630 కిలోల లిఫ్ట్ ప్రామాణిక కొలత లోపల 110 సెం.మీ. వెడల్పు, 140 సెం.మీ. లోతు. తలుపు 80 నుంచి 90 సెం.మీ. దీన్ని పెట్టుకుని పరుపు సంగతి చూద్దాం. 150 × 190 పరుపు నిలువుగా లోపలికి వెళ్తుంది. 150 వైపు 140 లోతులో తిన్నగా పట్టదు గానీ, నేల మీద మూల నుంచి మూలకి 178 సెం.మీ. ఉంది కాబట్టి ఐమూలగా నిలబెడితే సరిపోతుంది. అదే 180 × 190 పరుపైతే మూల నుంచి మూలకి కూడా 2 సెం.మీ. పెద్దది. నురుగు పరుపైతే కొంచెం వంచి తోయొచ్చు. స్ప్రింగుల పరుపు వంగదు, వంచితే పాడవుతుంది. అలాంటప్పుడు పెద్ద సర్వీస్ లిఫ్ట్ ఉందేమో కనుక్కోండి. 1000 కిలోల లిఫ్ట్ వెడల్పు అంతే అయినా లోతు 210 సెం.మీ. ఉంటుంది, దాంతో గొడవ తీరిపోతుంది.

ఇక మా సోఫా. పొడవు 190, లోతు 95, ఎత్తు 85. నిలువుగా నిలబెడితే 200 సెం.మీ. తలుపులోకి ఎత్తు సరిపోయింది. వెడల్పే సరిపోలేదు. తలుపు 80, సోఫా ఎటు తిప్పినా 85 కంటే తగ్గదు. మోసేవాళ్ళు అరగంట కుస్తీ పట్టి, చెమటలు తుడుచుకుంటూ సెల్లార్‌లో దించేశారు. మూడో రోజు మా ఆయన దాని మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతూ, ఏమీ తోచక అడుగున చెయ్యి పెట్టి తడిమారు. కాళ్ళు తిరుగుతున్నాయి. నాలుగు కాళ్ళు, ఒక్కోదానికి ఒక్క బోల్టు, కాలి పొడవు 12 సెం.మీ. కాళ్ళు విప్పితే 73. ఇద్దరం కలిసి పది నిమిషాల్లో పైకి చేర్చాం.

కాబట్టి మీ ఇంట్లో ఒక్కో పెద్ద వస్తువుకీ రెండు వరసలు రాయండి, ఉన్నది ఉన్నట్టు ఎంత, విప్పితే ఎంత. సోఫా కాళ్ళు, బల్ల కాళ్ళు, మంచం తలవైపు చెక్క, ఫ్రిజ్ తలుపులు, ఇవన్నీ ఊడేవే.

హెచ్చరిక: తలుపు కంటే పొడవున్న వస్తువుని 'వాల్చి లోపలికి తోసి నిలబెడదాం' అనుకుంటే మోసపోతారు. వాలి ఉన్న పెట్టెని నిటారుగా లేపుతుంటే దాని మూల ముందు ఇంకా పైకి లేచి కప్పుకి తగులుతుంది. కాగితం మీద కొలతల ప్రకారం అట్టముక్క కత్తిరించి తిప్పి చూడండి.

లిఫ్ట్‌లో ఏ రకంగానూ పట్టనివాటికి మిగిలేవి మూడు దారులు. మెట్ల మీదుగా మోయించడం, అయితే మెట్ల మలుపు కూడా కొలవాలి. బయట నుంచి తాళ్ళతోనో క్రేన్‌తోనో ఎత్తించడం, ఇది భవనం వాళ్ళ అనుమతితో, అదే పనిగా చేసే మనుషులతో మాత్రమే. మూడోది అమ్మేయడం. నన్నడిగితే మూడోదే.

3. భవనం ఆఫీసు నుంచి ఇవన్నీ రాతలో తీసుకోండి

నోటిమాట ఆ రోజు గేటు దగ్గర పనికిరాదు. సర్వీస్ లిఫ్ట్ ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట వరకు మీది? లారీ ఎక్కడ ఆగాలి, ఎంతసేపు? సెల్లార్ దారి ఎత్తెంత, మీ లారీ పడుతుందా? లిఫ్ట్ గోడలకి దుప్పట్లు ఎవరు కడతారు? డిపాజిట్ ఉందా? గోడలకి డ్రిల్లింగ్ ఏ వేళల్లో చేసుకోవచ్చు? కరెంటు పోతే జనరేటర్ మీద నడిచే లిఫ్ట్ ఏది? మీకు పార్కింగ్ జాగాలెన్ని?

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ శివారు నుంచి వచ్చే జంటకి అన్నిటికంటే పెద్దది అదే. అక్కడ ఇద్దరికీ చెరో బండి లేకపోతే గడవదు, ఇక్కడ ఒక్కటే జాగా ఇస్తారు. రెండో కారు సంగతి మారకముందే తేల్చుకోండి. మారాక తేలుద్దామనుకుంటే రోజూ రాత్రి తొమ్మిదింటికి వీధిలో ఖాళీ వెతుక్కుంటూ తేలుతారు.

4. కొత్త ఇంటిని పాత ఇంట్లో గీయండి

కాగితం టేపు దీనికే. కొత్త ఫ్లాట్ గదుల అసలు కొలతలు తెచ్చుకుని పాత ఇంటి హాల్లోనో వాకిట్లోనో నేల మీద టేపుతో గీయండి. తలుపులు ఎటు తెరుచుకుంటాయో కూడా గీయాలి, చాలామంది మరిచిపోయేది అదే. ఇప్పుడు మీ మంచం, బల్ల, బీరువా ఆ గీతల్లో పెట్టి రెండు రోజులు వాటి మధ్య తిరగండి. మంచానికీ గోడకీ మధ్య 60 సెం.మీ. కంటే తక్కువుంటే పక్క దుప్పటి సర్దేటప్పుడు ప్రతిసారీ విసుక్కుంటారు.

తర్వాత తగ్గించే పని. ఇక్కడ జంటలు చేసే పొరపాటు నేల వైశాల్యం పోల్చుకోవడం. 'అక్కడ మూడు గదులు, ఇక్కడ రెండు, మూడో వంతు తగ్గిస్తే చాలు' అనుకుంటారు. అక్కడ లెక్కలో లేని జాగాలుంటాయి: అటక, మెట్ల కింద అర, డాబా, ఇంటి వెనక షెడ్డు. ఇక్కడ అవేవీ లేవు. మా లెక్కలో సామానులో సగం ఆ లెక్కలేని జాగాల్లోంచే వచ్చింది: నిచ్చెన, గడ్డపార, పాత రంగు డబ్బాలు, విరిగిన కుర్చీలు రెండు, 'బాగు చేయిద్దాం' అన్న పంఖా. రంగు డబ్బాలు, థిన్నర్ లాంటి అంటుకునే సరుకు ఎత్తైన భవనంలోకి తేనే తేకండి, బాల్కనీలోకి కూడా.

ఇద్దరి మధ్య తగువు రాకుండా మేము పెట్టుకున్న షరతు: ఒక్కొక్కరికి మూడు వస్తువులు, ఎందుకని రెండోవాళ్ళు అడగకూడదు. మిగతావాటికి ఇద్దరూ ఒప్పుకోవాలి. మా ఆయన తన మూడింటిలో ఒకటి తోటకి నీళ్ళు పట్టే 30 మీటర్ల పైపు అన్నారు. కొత్త ఇంట్లో తోట లేదు. షరతు షరతే, నేను అడగలేదు.

5. గంటల లెక్క వేయండి

భవనం వాళ్ళిచ్చిన సమయంలో పని అవుతుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. ఉదాహరణకి 84 అట్టపెట్టెలు, 26 పెద్ద వస్తువులు ఉన్నాయనుకోండి. లిఫ్ట్‌లో ఒక విడతకి 6 పెట్టెలు పడితే 14 విడతలు. పెద్దవి రెండేసి చొప్పున 13. మొత్తం 27. నింపడం, ఎక్కడం, దింపడం, తిరిగి రావడం కలిపి విడతకి 10 నిమిషాలైతే 270 నిమిషాలు, అంటే నాలుగున్నర గంటలు. మీకిచ్చింది నాలుగు గంటలే అయితే ఆఖరి అరగంట మీరూ, లిఫ్ట్ కోసం నిలబడ్డ ఇరుగుపొరుగూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ ఉంటారు. కొత్త ఇంట్లో మొదటి పరిచయం అలా వద్దు.

తగ్గించే ఉపాయాలు: పెట్టెలన్నీ ఒకే సైజువైతే ఒకదాని మీద ఒకటి కుదురుగా నిలిచి విడతకి రెండు ఎక్కువ పడతాయి. తర్వాతి విడత సరుకు ముందే లిఫ్ట్ దగ్గర పేర్చి ఉండాలి. పైన దింపేవాళ్ళు, కింద నింపేవాళ్ళు వేరు వేరుగా ఉండాలి. పుస్తకాలు, బట్టలు ముందు వారంలో కారులో తెచ్చేసుకుంటే ఇంకా మేలు.

తలుపు మూసుకోకుండా అట్టపెట్టె అడ్డం పెట్టే అలవాటు మానండి. తలుపు పదే పదే కొట్టుకుని లిఫ్ట్ మొరాయిస్తే ఆ రోజంతా పోయినట్టే. ఆపి ఉంచే తాళం సిబ్బంది దగ్గర ఉంటుంది, అడగండి.

6. సర్దడం

దీని గురించి అందరికీ తెలుసు, మూడే మాటలు. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్ అయితే కొన్నప్పుడు వెనక నుంచి తీసిన పొడవాటి బోల్టులు వెతికి మళ్ళీ బిగించండి. అవి లేకుండా కదిలిస్తే డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది. ఫ్రిజ్ నిటారుగానే తీసుకెళ్ళండి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే పైన నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి. విప్పిన బోల్టుల కవరు ఆ వస్తువుకే టేపుతో అంటించండి, 'అన్నీ ఒకే చోట భద్రంగా' దాచినవి మళ్ళీ దొరకవు.

7. మారే రోజు

ఒకరు కింద, ఒకరు పైన. ఇద్దరూ కలిసి తిరగకండి. సెల్లార్‌లో, లిఫ్ట్‌లో ఫోను పలకకపోవచ్చు కాబట్టి ఏ వస్తువు ఏ గదికో కింద ఉన్నవాళ్ళని అడిగే పని రాకూడదు. ప్రతి గది గుమ్మానికి పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి, పెట్టెల మీద అదే పేరు రాయండి. లిఫ్ట్‌లో ముందు ఎక్కాల్సింది మంచం, పరుపు, తర్వాత కిటికీ తెరలు. అవును, తెరలు. ఎదురు భవనం దీపాలు రాత్రంతా వెలుగుతుంటే ఎంత అలసినా నిద్ర పట్టదు. శివారు చీకటికి అలవాటుపడ్డ కళ్ళకి ఇది మరీ కష్టం.

తెర కడ్డీలకి మేకులు కొట్టకండి. ఎత్తైన భవనాల్లో చాలా గోడలు ఇటుకవి కావు, కాంక్రీటు పోసినవి, మేకు వంగిపోతుంది. హ్యామర్ డ్రిల్ కావాలి, గోడలో వైర్లు ఎటు వెళ్ళాయో తెలిసిన మనిషి కావాలి. మొదటి రాత్రికి దుప్పట్లు టేపుతో అంటించినా చాలు.

8. మొదటి రాత్రి పడుకునేముందు మెట్లు దిగండి

అలసిపోయి ఉంటారు, తెలుసు. అయినా ఇద్దరూ కలిసి దిగండి. ఫ్లాట్ గుమ్మం నుంచి మెట్ల తలుపు దాకా ఎన్ని తలుపులున్నాయో చేత్తో తడుముతూ లెక్కపెట్టండి, పొగలో కళ్ళు పనిచేయవు. కింది దాకా దిగి, బయటికి తెరుచుకునే తలుపుకి తాళం లేదని చూడండి. మాకు ఏడు నిమిషాలు పట్టింది, రెండు అంతస్తుల దగ్గర సైకిళ్ళు, చెప్పుల స్టాండు అడ్డం ఉన్నాయి. మర్నాడే ఆఫీసుకి రాసిచ్చాం. రెండో మెట్ల దారి ఉంటే అదీ చూడాలి. అగ్నిమాపక వాహనాల నిచ్చెనలు చాలావరకు సుమారు 30 మీటర్ల దాకానే అందుతాయి, అంటే పదో అంతస్తు చుట్టుపక్కల. ఆ పైన ఉన్నవాళ్ళకి దారి మెట్లే. అగ్నిప్రమాదంలో లిఫ్ట్ ఎక్కకూడదు, బయటికి వచ్చేటప్పుడు తలుపు మూసి రావాలి. మామూలు రోజుల్లో లిఫ్ట్ మధ్యలో ఆగితే బెల్ నొక్కి కూర్చోండి, తలుపులు చేతులతో విప్పే సాహసం వద్దు.

9. బాల్కనీని వాకిలి అనుకోవద్దు

పైకి వెళ్ళేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లు. కింద కదలని ప్లాస్టిక్ కుర్చీ పైన పిట్టగోడ దాకా నడిచి వెళ్తుంది. 45 మీటర్ల ఎత్తు నుంచి జారిన పూలకుండీ 3 సెకన్లలో నేలని తాకుతుంది, గంటకి 100 కి.మీ. పైచిలుకు వేగంతో. అందుకని పిట్టగోడ మీద ఏదీ పెట్టొద్దు, కడ్డీలకి బయటివైపు వేలాడదీయొద్దు. కుండీలు నేల మీద, గోడ వైపు. తడి మట్టి బరువు నీళ్ళ కంటే ఎక్కువ. పది లీటర్ల కుండీ ఎత్తి చూస్తే తెలుస్తుంది. శివారులోని మొక్కలన్నీ తేవాలన్న కోరిక నాదే, మూడు కుండీల దగ్గర ఆగాను.

సరిగ్గా మారామో లేదో ఎలా తెలుస్తుంది?

వారం తర్వాత మూడు ఉదయాలు మీ ఇంటి తలుపు నుంచి గేటు దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. రద్దీ వేళ లిఫ్ట్ కోసం నిలబడే నిమిషాలు ప్రయాణ సమయంలో కలపనివాళ్ళు నెలంతా ఆలస్యంగా వెళ్తారు. గొడుగు మరిచిపోయి వెనక్కి వస్తే మాకు ఎనిమిది నిమిషాలు పోతోంది. తలుపు పక్కన కొక్కేలు, ఒక చీటీ పెట్టాక తగ్గింది. వంటింట్లో దూరినట్టే దూరి తలుపు తెరుచుకోని అలమర, స్విచ్‌కి అడ్డొచ్చిన బీరువా లాంటివి ఈ వారంలోనే బయటపడతాయి. వాటిని 'తర్వాత చూద్దాం' అని వదిలేయకండి, మోసిన మనిషి ఫోను నంబరు ఇంకా మీ దగ్గర ఉండగానే పిలిపించండి.

నెల తర్వాత ఇంకా తెరవని అట్టపెట్టెలు లెక్కపెట్టండి. ఐదు లోపుంటే బాగా తగ్గించినట్టు. పదిహేను దాటితే 4వ మెట్టు మళ్ళీ చేయాలి, ఈసారి దించడానికి కూడా సర్వీస్ లిఫ్ట్ బుక్ చేసుకోవాలి. మాకు నాలుగు మిగిలాయి. మూడు తెరిచి సర్దేశాం. నాలుగోదానిలో ఉన్నది మా ఆయన తోట పైపు చుట్ట, అది మంచం కిందే ఉంది.